పెద్దమనుషులు రాసిన విడాకుల కాగితం మీద సంతకం పెట్టొచ్చా? ఫ్లాట్ లోన్, బాబు సంగతి కూడా చెప్పండి

తెనాలి అమ్మాయి:
నమస్తే అండీ. మాది తెనాలి పక్కన పల్లెటూరు. పెళ్లయి తొమ్మిదేళ్లు, బాబుకి ఏడేళ్లు. రెండేళ్ల పైనుంచి నేను పుట్టింట్లో, ఆయన బెంగళూరులో. కొట్టడం, తిట్టడం లాంటివి లేవు. ఇక కుదరదని ఇద్దరికీ తెలిసిపోయింది, అంతే.

సంక్రాంతి అయ్యాక మా పెదనాన్న, వాళ్ల మేనమామ, ఊళ్లో ఇంకో ఇద్దరు పెద్దలు కూర్చుని 100 రూపాయల స్టాంపు పేపరు మీద విడాకుల కాగితం రాశారు. నాకు 12 లక్షలు, పెళ్లికి మావాళ్లు పెట్టిన 25 కాసుల్లో సగం ఇస్తారట. బాబు నా దగ్గరే. చివర్లో మాత్రం "ఇకమీదట తల్లికి గానీ బిడ్డకు గానీ ఏ హక్కూ లేదు" అని ఉంది. ఆయన సంతకం పెట్టేశాడు. నన్నూ పెట్టమని నాన్న తొందర పెడుతున్నారు.

విజయవాడలో ఫ్లాట్ ఇద్దరి పేరు మీదా ఉంది, లోన్ కూడా అంతే. ఇంకా 31 లక్షలు కట్టాలి. ఫ్లాట్ తను ఉంచుకుని లోన్ తనే కడతాడట. నేను ముందు రిజిస్ట్రేషన్ చేసిస్తే బ్యాంకు సంగతి తర్వాత చూద్దాం అంటున్నాడు. నాకు ప్రైవేటు స్కూల్లో టీచరు జీతం తప్ప ఇంకేం లేదు. బాబు రోజూ రాత్రి వాళ్ల నాన్నతో వీడియో కాల్ మాట్లాడతాడు. వాడికి ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు.

నల్లకోటు:
అమ్మా, సంతకం పెట్టకండి. నేను గుంటూరులో ప్రాక్టీసు చేస్తాను, ఇలాంటి కాగితాలు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లిని కోర్టు డిక్రీయే రద్దు చేయాలి. కులాచారం ప్రకారం విడాకులను 29(2) సెక్షన్ ఒప్పుకుంటుంది కానీ, అలాంటి ఆచారం ఉందని కోర్టులో సాక్ష్యాలతో రుజువు చేసుకోవాలి. నలుగురు కూర్చుని రాసినంత మాత్రాన ఆచారం అయిపోదు. ఈ కాగితం నమ్ముకుని మీ ఇద్దరిలో ఎవరు మళ్లీ పెళ్లి చేసుకున్నా అది చెల్లదు, పైగా కేసవుతుంది.

మీ ఇద్దరికీ ఇష్టమే కాబట్టి అదే చట్టంలో 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకార విడాకులకు వెళ్లండి. ఏడాది విడిగా ఉండి ఉండాలి, మీకది ఎప్పుడో దాటింది. మొదటి మోషన్‌కి (ఇద్దరూ కలిసి కోర్టులో అర్జీ వేయడం), రెండో మోషన్‌కి (విడాకులు కావాలని మళ్లీ వచ్చి చెప్పడం) మధ్య ఆరు నెలల గడువుంటుంది. తగిన కేసుల్లో ఆ గడువును మాఫీ చేయొచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏడాదిన్నర పైగా విడిగా ఉండి, డబ్బు, పిల్లల విషయాలు తేల్చుకున్నవాళ్లు అడగొచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది జడ్జిగారి ఇష్టం.

ఇంకో మాట. డిక్రీ వచ్చేదాకా ఇద్దరిలో ఎవరైనా మనసు మార్చుకుని అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. అందుకే 12 లక్షల్లో కొంత మొదటి మోషన్ రోజు, మిగతాది రెండో మోషన్ రోజు డీడీ రూపంలో ఇచ్చేలా రాయించుకోండి. "తర్వాత సర్దుతాం" అంటే వినకండి.

బంగారంలో సగం ఏమిటో నాకు అర్థం కాలేదు. మీకు పెట్టింది మీ స్త్రీధనం, మొత్తం మీదే. ఇక బిడ్డ మనోవర్తి హక్కును తల్లి వదులుకున్నా అది పోదు. ఆ వాక్యానికి విలువ లేదు, కానీ రేపు దాన్ని చూపించి మిమ్మల్ని తిప్పుతారు. కొట్టేయించండి.

రిటైర్డ్ మేనేజర్:
నేను బ్యాంకులో హోమ్ లోన్లు చూసినవాణ్ణి కాబట్టి ఆ ఒక్కటీ చెప్తాను. కోర్టు ముందు మీరిద్దరూ ఏం రాసుకున్నా బ్యాంకు దృష్టిలో ఇద్దరూ అప్పుదారులే. ఆయన ఈఎంఐ ఆపితే నోటీసు మీకూ వస్తుంది, సిబిల్ స్కోరు, అంటే అప్పు చెల్లింపుల మీద ఇచ్చే మార్కు, మీకూ పడిపోతుంది. ఫ్లాట్ మీ పేరు మీద ఉండదు, అప్పు మాత్రం ఉంటుంది. ఇంతకన్నా అన్యాయపు బేరం ఉంటుందా?

ఆయన జీతం ఒక్కటే ఆ 31 లక్షలకి సరిపోతే, తన ఒక్కడి పేరు మీద కొత్తగా లోన్ తీసుకుని పాతది క్లోజ్ చేయమనండి. లేదా ఫ్లాట్ అమ్మి అప్పు తీర్చి మిగిలింది పంచుకోండి. మీ పేరు లోన్‌లోంచి తీసేసినట్టు బ్యాంకు రాసిచ్చాకే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి రిలీజ్ డీడ్ (ఫ్లాట్‌లో మీ వాటా వదులుకునే పత్రం) మీద సంతకం. ఆయన చెప్పే వరస తలకిందులుగా ఉంది. డౌన్ పేమెంట్‌లో మీ డబ్బు ఎంత పడిందో పాత స్టేట్‌మెంట్లు ఇప్పుడే తీసిపెట్టుకోండి, 12 లక్షలు ఎక్కువో తక్కువో అప్పుడు తెలుస్తుంది. మీ పీఎఫ్, ఇన్సూరెన్స్‌లో నామినీ ఎవరున్నారో కూడా చూసుకోండి.

కరీంనగర్ నాన్న:
అక్కా, నేను అవతలి వైపు మనిషిని. మా పాప వాళ్లమ్మ దగ్గర ఉంటది. మా కాగితంలో "తండ్రి వచ్చి చూడవచ్చు" అని ఒక్క ముక్క రాసిండ్రు, దానికోసమే ఎన్ని లొల్లులో. మీరు వివరంగా రాసుకోండి: నెలలో ఏ శనివారం, ఎన్ని గంటలకు తీసుకపోవాలె, ఎవరు దింపాలె, ఎండాకాలం సెలవుల్లో ఎన్ని రోజులు. సంక్రాంతికి బెంగళూరు ఆఫీసుల్లో మనకిచ్చినన్ని సెలవులు ఉండవు, కాబట్టి ఆయనకి దసరా ఇయ్యండి. రాత్రి వీడియో కాల్ కూడా టైమ్‌తో సహా రాయండి. అది బాబుకి ఉన్న అలవాటు, మీ గొడవల్లో అది తెగొద్దు.

ఫీజు ఆయన నేరుగా స్కూలుకే కట్టేటట్టు పెట్టుకుంటే నెలనెలా అడుక్కునే బాధ ఉండదు. పిల్లగాడి పాస్‌పోర్టుకు మామూలుగా ఇద్దరి సంతకాలు కావాలె, ఆ సంగతీ ఇప్పుడే తేల్చుకోండి. బాబుకి మీరిద్దరూ ఒకేసారి, ఒకే మాట చెప్పండి: అమ్మ, నాన్న వేరే ఇండ్లల్లో ఉంటరు, నీ తప్పేం లేదు అని. "మీ నాన్నని పైసలు పంపమను" అని పిల్లగాడితో మాత్రం చెప్పించకండి.

తెనాలి అమ్మాయి:
అందరికీ థాంక్స్ అండీ. నాన్నకి చదివి వినిపించా. లోన్ సంగతికి కాస్త మెత్తబడ్డారు. కానీ కోర్టు మెట్లెక్కితే పరువు పోతుందని, చెల్లెలి పెళ్లికి అడ్డమని టెన్షన్ పడుతున్నారు. లాయరు ఫీజు కూడా ఒక ఇబ్బందే.

నల్లకోటు:
మీ నాన్నగారికి ఈ రెండూ చెప్పండి. విచారణ ఇన్-కెమెరా, అంటే బయటివాళ్లెవరూ లేకుండా జరపమని అడగొచ్చు. ఇలాంటి కేసుల వివరాలు పేపర్లో వేయడాన్ని కూడా చట్టం ఒప్పుకోదు. ఫీజు సంగతికొస్తే, ఆదాయంతో పని లేకుండా ఏ మహిళకైనా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెప్తారు. బెంగళూరు వెళ్లక్కర్లేదు, మీరు ఉంటున్న చోటి కోర్టులోనే వేయొచ్చు. వెళ్లేటప్పుడు పెళ్లి ఫోటో, శుభలేఖ, ఇద్దరి ఆధార్, బాబు బర్త్ సర్టిఫికెట్, లోన్ కాగితాలు పట్టుకెళ్లండి. ఆ స్టాంపు పేపరు జిరాక్స్ కూడా.