రివర్స్‌కి రింగు, నొక్కుడు, స్ప్రింగు: మీ బండిలో ఏ లాకు ఉంది, ఎలా పనిచేస్తోంది?

గేర్‌రాడ్
ఇన్నాళ్లూ నడిపిన బండిలో రివర్స్ ఐదో గేరు కింద ఉండేది. రింగూ లేదు, నొక్కుడూ లేదు. న్యూట్రల్‌లోంచి కుడికి నెట్టి కిందికి లాగితే పడిపోయేది. ఈమధ్య సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్న బండికి, రివర్స్ పొరపాటున పడకుండా లాకుగా, గేరు లివర్ పైనున్న నాబ్ కింద రింగు ఉంది. దాన్ని పైకెత్తి పట్టుకుని, లివర్‌ని బాగా ఎడమకి జరిపి ముందుకి తోయాలి. ఒక్కోసారి రింగు ఎత్తినా లివర్ ఎడమకి పూర్తిగా వెళ్లడం లేదు, మొదటి గేరు పడుతోంది. వెనక్కి వెళ్లాల్సిన చోట బండి ముందుకి కదులుతుంటే గుండె జారిపోతోంది. దీనికి తోడు, రివర్స్ పడినప్పుడు కూడా అప్పుడప్పుడు కర్రుమంటోంది. పాత ఓనరు బరువైన నాబ్ ఒకటి బిగించాడు. లోపం లాకుదా, గేర్‌బాక్స్‌దా? మీ బండ్లలో ఏ పద్ధతి ఉందో కూడా చెప్పండి.

నొక్కితేవెనక్కి
నాది ఫోక్స్‌వ్యాగన్ పోలో. రింగు ఉండదు. నాబ్‌ని అరచేత్తో కిందికి అదిమి, ఎడమకి, ముందుకి. అలవాటైతే హాయిగా ఉంటుంది. కొత్తవాళ్లకి బండి ఇచ్చినప్పుడే తంటా. ఎంత చెప్పినా నొక్కడం మరిచిపోయి మొదటి గేరులో వేస్తారు.

తాపీగా
బీఎండబ్ల్యూ మాన్యువల్ నడిపితే అసలు లాకు లేదనే అనుకుంటారు. మొదటి గేరుకి ఎడమపక్క గట్టి స్ప్రింగు మాత్రం ఉంటుంది. దాన్ని ధాటిగా నెడితే రివర్స్ వరసలోకి వెళ్తుంది. చేతికి ఆ బరువు తెలిసేదాకా మొదటి గేరు వేసేటప్పుడు నాకు భయంగానే ఉండేది. లివర్‌ని గట్టిగా ఎడమకి తొయ్యడం అలవాటున్నవాళ్లు జాగ్రత్తపడాలి.

స్పానర్‌చేతులు
గేర్‌రాడ్ గారూ, మీరు చెప్పినవి రెండు వేరువేరు లోపాలు. కలిపి చూస్తే దారి తప్పుతారు.

మొదటిది, లివర్ ఎడమకి వెళ్లకపోవడం. రింగు నుంచి కిందికి ఒక సన్నటి కేబులో, ప్లాస్టిక్ గొట్టమో ఉంటుంది. లివర్ అడుగున హౌసింగ్‌లో ఒక అడ్డు ఉంటుంది. మామూలుగా లివర్ మీదున్న కొక్కెం ఆ అడ్డుకి తగిలి మొదటి గేరు వరస దగ్గరే ఆగిపోతుంది. రింగు ఎత్తితే కొక్కెం పైకి లేచి అడ్డు మీదుగా దాటుతుంది. రింగు సగమే లేస్తే కొక్కెం సగమే లేస్తుంది, అడ్డు దాటదు. అప్పుడు ముందుకి తోస్తే పడేది మొదటి గేరే. మీకు జరుగుతున్నది అచ్చం ఇదే. నాబ్ మార్చిన బండ్లలో నేను ముందు చూసేది రెండు: నాబ్ మరీ కిందికి బిగించి రింగు లేవడానికి చోటు లేకుండా చేశారా, గేర్ బూట్ (లివర్ అడుగుని కప్పే తొడుగు) పైఅంచు రింగు కింద ఇరుక్కుందా. బూట్ విప్పి, రింగు ఎత్తుతూ కింద కొక్కెం ఎంత కదులుతోందో కళ్లారా చూడండి. గేర్‌బాక్స్ జోలికి అప్పుడే వెళ్లొద్దు.

రెండోది, కర్రుమనడం. దీనికీ లాకుకీ సంబంధం లేదు. చాలా గేర్‌బాక్స్‌లలో రివర్స్‌కి సింక్రో, అంటే గేర్లని ఒకే వేగానికి తెచ్చి కలిపే భాగం, ఉండదు. పళ్లు నిటారుగా కోసినవి, తిరిగే దిశ మార్చే ఐడ్లర్ గేరు జరిగి నేరుగా కలుస్తుంది. వెనక్కి వెళ్తున్నప్పుడు వచ్చే ఆ సన్నటి ఊళ కూడా ఆ నిటారు పళ్ల వల్లే. క్లచ్ తొక్కిన వెంటనే లోపల ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజన్ క్లచ్ ద్వారా తిప్పే కడ్డీ) ఆగదు, కాసేపు తిరుగుతూనే ఉంటుంది. తిరుగుతున్న గేరుకి ఆగి ఉన్న గేరు తగిలితే కర్రుమనక ఏం చేస్తుంది? క్లచ్ పూర్తిగా తొక్కి రెండు మూడు సెకన్లు ఆగండి. లేదా ముందు ఏదైనా ముందుకెళ్లే గేరులో వేసి, క్లచ్ వదలకుండానే రివర్స్‌లో వేయండి. ఆ గేరు సింక్రో షాఫ్ట్‌ని ఆపేస్తుంది. ఇలా చేసినా శబ్దం పోలేదంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. హైడ్రాలిక్ క్లచ్ అయితే ఆయిల్ మట్టం, లైన్‌లో గాలి చూడండి. క్లచ్ సరిగా విడవకపోతే ఆ సంగతి అందరికంటే ముందు రివర్స్ గేరే చెప్తుంది, ఎందుకంటే మిగతా గేర్లలో సింక్రో ఆ తేడాని కప్పేస్తుంది.

ఐదుగేర్లు
హోండాలో పాత ఐదు గేర్ల బాక్స్‌ది ఇంకో తమాషా. రివర్స్ ఐదు కిందే ఉంటుంది, అయినా ఐదులోంచి తిన్నగా కిందికి లాగితే పడదు. లోపల క్యామ్ అనే చిన్న ముక్క అడ్డుకుంటుంది. లివర్‌ని న్యూట్రల్‌కి తెచ్చి, కుడి అంచు వదిలి, మళ్లీ కుడికి తీసుకెళ్తేనే దారి ఇస్తుంది. బండి ఆగాక రివర్స్ మొండికేస్తే క్లచ్ తొక్కి, న్యూట్రల్‌లోనే లివర్‌ని ఒకటి-రెండు వైపుకి తీసుకెళ్లి తెమ్మని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. రింగు ఎత్తే పని లేకుండా ప్రమాదం ఉన్న ఒక్క కదలికనే ఆపారు. నా లెక్కన అన్నిటికన్నా తెలివైన లాకు ఇదే.

నమ్మనుపో
ఒక మాట. స్పానర్‌చేతులు గారే సింక్రో లేదన్నారు కదా. అంటే రోడ్డు మీద పోతుండగా రివర్స్ వేసినా కర్రుమంటుందే తప్ప పడదు. మరి ఈ రింగులూ నొక్కుళ్లూ ఎందుకు? అమ్మకానికి ఆర్భాటం కాకపోతే!

స్పానర్‌చేతులు
స్పీడులో పడదు, నిజమే. కానీ ప్రతి కర్రుకీ పళ్ల కొనలు చెక్కుకుపోతాయి, ఆ పొడి గేర్ ఆయిల్‌లోనే తిరుగుతుంది. ఇప్పుడు కొన్ని బాక్స్‌లలో రివర్స్‌కీ సింక్రో పెడుతున్నారు. వాటిలో మెల్లగా ముందుకి పోతుంటే రివర్స్ కలిసే అవకాశం ఇంకా ఎక్కువ. అసలు పెద్ద ముప్పు స్పీడులో కాదు, ఆగినప్పుడు. రివర్స్, మొదటి గేరు పక్కపక్కనే ఉన్న బండిలో సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడగానే హడావుడిగా తోస్తే ఏది పడుతుందో చెప్పలేం. ఆ లాకు పళ్ల కోసం కాదు, వెనక ఆగి ఉన్నవాడి కోసం.

నమ్మనుపో
సరే, ఆ వెనకవాడి మాట ఒప్పుకుంటా. ఆర్భాటం మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఇంజన్‌మార్పిడి
కరెంటుతో పనిచేసే లాకుల గురించి ఎవరూ చెప్పలేదు. ట్రెమెక్ టీ-56 లాంటి ఆరు గేర్ల బాక్స్‌లలో సోలినాయిడ్, అంటే కరెంటు ఇస్తే కదిలే అయస్కాంతపు గడియ, ఉంటుంది. స్పీడు బాగా పడిపోయాకే కంప్యూటర్ దానికి కరెంటు ఇచ్చి రివర్స్ దారి తెరుస్తుంది. హోండా ఆరు గేర్ల బాక్స్‌లలో కొన్నిటికీ ఉంది. హోండా కె-సిరీస్ ఇంజన్, బాక్స్ తెచ్చి పాత బండిలో పెట్టేవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు. అంతా బిగించి, స్టార్ట్ చేసి, ముందుకి నడిపి మురిసిపోతారు. వెనక్కి తీద్దామంటే రివర్స్ రాదు. బాక్స్ పోయిందని కంగారుపడి విప్పుతారు కూడా! సోలినాయిడ్‌కి 12 వోల్ట్‌ల తీగ కలపడమే మరిచిపోయి ఉంటారు. మామూలు బండిలోనూ ఈ రకం రివర్స్ హఠాత్తుగా ఆగిపోతే ముందు ఫ్యూజు, తర్వాత స్పీడ్ సెన్సార్ చూడండి.

తాపీగా
వెనకటి సాబ్ 900 ఎవరైనా చూశారా? మాన్యువల్ బండిని రివర్స్‌లో వేస్తే తప్ప తాళంచెవి బయటికి రాదు. ఇగ్నిషన్ కూడా స్టీరింగ్ దగ్గర కాదు, రెండు సీట్ల మధ్యన. అందరూ రివర్స్ పడకుండా తాళం వేస్తే వాళ్లు రివర్స్‌లోనే తాళం వేశారు.

గేర్‌రాడ్
బూట్ విప్పి చూశాను. బూట్ అంచు ముడత రింగు కింద దూరిపోయి ఉంది. నాబ్ కూడా ఒక చుట్టు ఎక్కువే బిగించారు. ముడత తీసి నాబ్ వదులు చేశాక రింగు పూర్తిగా లేస్తోంది, లివర్ నున్నగా ఎడమకి దాటుతోంది. కర్రుమనడం మాత్రం క్లచ్ తొక్కి ఆగితే తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. క్లచ్ ఆయిల్ డబ్బా చూస్తే మట్టం కనిష్ఠ గీతకి కిందే ఉంది.

స్పానర్‌చేతులు
ఆయిల్ పోసి ఊరుకోకండి. ఎక్కడో కారితేనే మట్టం తగ్గుతుంది. పెడల్ దగ్గర ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్, బాక్స్ దగ్గర క్లచ్‌ని విడదీసే స్లేవ్ సిలిండర్, రెండుచోట్లా తడి ఉందేమో చూడండి. కారడం ఆపాకే గాలి తీయించండి. ఇంకోటి, లివర్ ఎక్కడో అడ్డం తగిలితే, పన్నుకి పన్ను ఎదురైందనుకోండి, బలవంతంగా తోయొద్దు. న్యూట్రల్‌కి తెచ్చి క్లచ్ ఒకసారి వదిలి మళ్లీ తొక్కి వేయండి, పడుతుంది.

కొత్తచేయి
మధ్యలో దూరుతున్నా. నా బండిలో రింగు బాగానే ఉంది, రివర్స్ పడుతోంది, కానీ వెనక తెల్లలైటు వెలగదు, సెన్సార్ బీప్ కూడా రాదు. ఇది కూడా లాకు గొడవేనా?

స్పానర్‌చేతులు
కాదు. గేర్‌బాక్స్ మీద రివర్స్ లైటు స్విచ్ వేరే ఉంటుంది. లైటు, బీప్ రెండూ లేవంటే బల్బు మీద అనుమానం తక్కువ. ముందు ఫ్యూజు చూసి, తర్వాత స్విచ్ దగ్గర కనెక్టర్ ఊడిందేమో చూడండి. కనెక్టర్‌లో రెండే తీగలుంటే ఇగ్నిషన్ ఆన్ చేసి ఆ రెంటినీ కలపండి. లైటు వెలిగిందంటే స్విచ్ పోయినట్టే, కొత్తది బిగించుకోండి. అప్పటిదాకా రాత్రిపూట వెనక్కి తీయాలంటే ఎవరినైనా దిగి చూడమనండి.