స్పీకరుపై రాసిన వాట్లకు రెట్టింపు ఆంప్లిఫయర్ అవసరమా?

వాదన: స్పీకరు మీద 100 వాట్లని ఉంటే 200 వాట్ల ఆంప్లిఫయర్ తీసుకోవాలన్న నియమాన్ని నేను సమర్థిస్తాను. శక్తి చాలని ఆంప్లిఫయర్‌లో వాల్యూమ్ పెంచితే సిగ్నల్ క్లిప్ అయి (అంటే అలల కొసలు తెగిపోయి) ట్వీటర్ (పై స్వరాలను వినిపించే చిన్న స్పీకరు) కాలిపోతుంది. వాట్లు మిగిలితే నష్టం లేదు, చాలకపోతేనే ముప్పు.

సమాధానం: క్లిప్పింగ్ హానికరమన్న విషయంలో మీతో పేచీ లేదండీ. అయితే ట్వీటర్‌ను కాల్చేది వాట్ల కొరత కాదు, దాని లోపలి తీగచుట్టలో (కాయిల్‌లో) పేరుకునే వేడి. బేస్ (కింది స్వరాలు) ఆంప్లిఫయర్ హద్దుకు తగిలి ఆగిపోయాక కూడా వాల్యూమ్ తిప్పుతుంటే పై స్వరాలు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ట్వీటర్‌కు చేరే శక్తి ఎక్కువవుతుంది. 200 వాట్ల ఆంప్లిఫయర్‌నూ అంతే నిర్లక్ష్యంగా తిప్పితే ఆ వేడి ఇంకా పెరుగుతుందే తప్ప తగ్గదు.

స్పీకరు వెనుక రాసిన వాట్లు అది తట్టుకోగల హద్దును చెబుతాయి, దానికి కావలసిన మోతాదును కాదు. అసలు చూడవలసింది సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి స్పీకరు ఎంత శబ్దం చేస్తుందన్నది. 87 డెసిబెల్ సెన్సిటివిటీ ఉన్న 8 ఓంల (విద్యుత్తుకు స్పీకరు చూపే నిరోధం) స్పీకరు 1 వాటుకు 1 మీటరు దూరంలో 87 డెసిబెల్ ఇస్తుంది. 3 మీటర్ల దూరంలో కూర్చుంటే, గోడల నుంచి తిరిగి వచ్చే శబ్దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, దాదాపు 9.5 డెసిబెల్ తగ్గుతుంది. రెండో స్పీకరు సుమారు 3 డెసిబెల్ కలుపుతుంది. సగటున 75 డెసిబెల్ దగ్గర వింటున్నప్పుడు డ్రమ్ దెబ్బ మరో 20 పైకి లేచినా, ఆ 95 డెసిబెల్‌కు ఒక్కో స్పీకరుకు 28 వాట్లు సరిపోతాయి. అదే 100 డెసిబెల్ కావాలంటే 90 వాట్లు, 105 కావాలంటే 280 వాట్లు పడతాయి. ఈ లెక్కలో 50 నుంచి 100 వాట్లకు మారితే దక్కేది 3 డెసిబెల్ మాత్రమే. శబ్దం రెట్టింపైనట్లు చెవికి తోచాలంటే సుమారు 10 డెసిబెల్, అంటే పది రెట్ల వాట్లు కావాలి. అందుకే పెద్ద ఆంప్లిఫయర్‌కు పెట్టే డబ్బును ఎక్కువ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్లకు పెట్టడమే మేలని నా గట్టి అభిప్రాయం.

వాదన: మరి 4 ఓంల స్పీకర్లకు ఈ లెక్క నిలుస్తుందా?

సమాధానం: మంచి ప్రశ్న. సెన్సిటివిటీని సాధారణంగా 2.83 వోల్టుల దగ్గర కొలుస్తారు. ఆ వోల్టేజి 8 ఓంలకు 1 వాటు అయితే 4 ఓంలకు 2 వాట్లవుతుంది. కనుక 4 ఓంల స్పీకరుకు రాసిన అంకెలోంచి 3 తీసివేసి లెక్క వేయండి. ఆంప్లిఫయర్ విషయంలోనైతే, 4 ఓంల దగ్గర రెండు చానెళ్లూ (ఎడమ, కుడి) ఒకేసారి నడుస్తుండగా నిరంతరంగా ఎన్ని వాట్లు ఇస్తుందో అడగండి. పెట్టె మీద వేలల్లో వేసే పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి పేరిట ప్రచారానికి వేసే) అంకెను అసలు పట్టించుకోకండి.