మనిషి క్లోనింగ్‌ను పూర్తిగా నిషేధించాలా?

ప్రశ్న: బిడ్డను పుట్టించే క్లోనింగ్‌నీ, మూలకణాల (వేరే రకం కణాలుగా మారగల కణాల) కోసం చేసేదాన్నీ ఒకే చట్టంతో ఆపాలా? రెండింటికీ మొదటి మెట్లు ఒకటే కదండీ?

జవాబు 1: ఒకటే. అండంలోంచి కేంద్రకం తీసేసి, శరీర కణాన్ని చేర్చి, విద్యుత్ తాకిడితో కలుపుతారు. ఐదారు రోజులకు బ్లాస్టోసిస్ట్ అనే తొలిదశ పిండం తయారవుతుంది. దారులు చీలేది అక్కడే. దాన్ని గర్భాశయంలో పెట్టడాన్ని నేరం చేస్తే చాలు.

జవాబు 2: ఆ నిషేధం మాత్రం తప్పనిసరి. 1996లో డాలీ అనే క్లోన్ గొర్రె కోసం 277 అండాలు వాడితే గర్భాల్లో పెట్టడానికి దక్కిన పిండాలు 29, పుట్టింది ఒక్క గొర్రెపిల్ల. శరీర కణం డీఎన్ఏ మీద, ఏ జన్యువు పనిచేయాలో చెప్పే పాత గుర్తులు సరిగా చెరగవు. మాయ సరిగా ఏర్పడదు, గర్భం నిలవదు. స్త్రీల మీద ఈ ప్రయోగం ఘోరం.

జవాబు 3: సరే, అది క్లోన్ పిండమని గర్భం దాల్చాక బయటపడితే? చట్టం గర్భం తీయించమంటుందా? పిండం తయారీనే ఆపాలనేవాళ్ల గట్టి వాదన ఇదే. మానవ గౌరవానికి విరుద్ధమైన అన్ని రకాల మనిషి క్లోనింగ్‌నూ నిషేధించమన్న 2005 ఐక్యరాజ్యసమితి ప్రకటన 84–34 ఓట్లతో నెగ్గినా, ఏ దేశాన్నీ కట్టడి చేయదు.