ఓట్లు బైడెన్‌కు, టికెట్ కమలకు: బి-ఫారం ఎవరిచ్చినట్టు?

హాలియా సోషల్‌సార్:
బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. నిన్న టీ కొట్టు దగ్గర పందెం పడింది. అమెరికాలో 2024 అధ్యక్ష ఎన్నికకు పార్టీ అభ్యర్థిని ఎంచే ప్రైమరీ ఓటింగ్‌లో డెమొక్రాట్లు ఓట్లేసింది బైడెన్‌కు. జులై 21న ఆయన తప్పుకున్నారు. ఆగస్టులో చూస్తే అభ్యర్థి కమలా హారిస్. అక్కడా హైకమాండే ఇచ్చిందని నేనన్నాను. మన దగ్గర చూడలేదా, నామినేషన్ల చివరి రోజు మూడు గంటల్లోపు బి-ఫారం ఎవరి పేరున అందితే వాళ్లదే టికెట్. మా దగ్గర ఒకాయన డప్పులు కొట్టించుకుంటూ బయలుదేరాక, ఫారం ఇంకొకరికి పోయిందని ఫోనొచ్చింది. డప్పులోళ్లకు మాత్రం పైసలిచ్చే పంపాడు, పాపం.

పాలమూరు టు షికాగో:
నమస్తే సార్. ప్రైమరీలో ఓటు బైడెన్ పేరు మీద పడినా, దాని లెక్కన అభ్యర్థిని ఖాయం చేసే పార్టీ జాతీయ సమావేశానికి వెళ్లేది డెలిగేట్లు, అంటే ప్రతినిధులు. 15 శాతం దాటిన అభ్యర్థులకే దామాషాలో వాళ్లు దక్కుతారు. డెలిగేట్లు తమను పంపిన ఓటర్ల మనసుకు తగ్గట్టు మనస్సాక్షితో ఓటేయాలన్నది పార్టీ నియమం. బైడెన్ తప్పుకోగానే వాళ్ల చేతులు విడిపోయాయి. ఆ తర్వాత పోటీకి దిగాలంటే 300 మంది డెలిగేట్ల సంతకాలు కావాలి, ఒక్క రాష్ట్రం నుంచి 50కి మించకూడదు. అన్ని సంతకాలు తెచ్చింది కమల ఒక్కరే. ఆగస్టు 1 నుంచి 5 దాకా ఆన్‌లైన్‌లోనే ఓటింగ్ అయిపోయింది. అంత తొందర ఎందుకంటే, ఒహాయో రాష్ట్రంలో బ్యాలెట్‌కు పేరిచ్చే గడువు మొదట ఆగస్టు 7 ఉండె. తర్వాత పొడిగించినా పార్టీ రిస్కు తీసుకోలేదు. ఆగస్టు 20న షికాగో హాల్లో పాటలు పెట్టి రాష్ట్రాల పేర్లు పిలిచింది ఉత్సవానికే.

దేవరకొండ కుర్రోడు:
అంటే డెలిగేట్లను రిసార్టుకు తోలే పని లేదా అన్నా?

పాలమూరు టు షికాగో:
ఇప్పుడు లేదు తమ్మీ. 1924లో న్యూయార్క్‌లో చూడాల్సింది. అప్పట్లో డెమొక్రాట్లకు మూడింట రెండొంతుల ఓట్లు రావాలి. పోటీలో ముందున్న స్మిత్, మెకాడూ ఇద్దరూ దిగిరాలేదు. 103వ రౌండ్లో జాన్ డేవిస్‌కు దక్కింది. ఆ నియమం 1936లో తీసేశారు. 1952 తర్వాత రెండు పార్టీల్లోనూ రెండో రౌండ్ దాకా పోయిందే లేదు. నాయకుల కోటాలో వచ్చే సూపర్ డెలిగేట్లకు కూడా, గట్టి పోటీ ఉంటే మొదటి రౌండ్లో ఓటు లేకుండా 2018లో మార్చారు.

హాలియా సోషల్‌సార్:
పెద్ద నాయకులంతా ముందే కమల వెనక నిలబడ్డాక ఇంకొకరికి 300 సంతకాలు ఎవరు పెడతారు బాబూ? సగం గెలిచినట్టే నేను. అయినా పందెం రెండు టీలు, నాలుగు మిర్చీలు. ఒక టీ నేనే కట్టేస్తాలే.