మొదటి పిస్టల్ కొనాలి, బడ్జెట్ 500 డాలర్లు. ఏది తీసుకోమంటారు?

ఫ్రిస్కో నుంచి, ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేముండేది టెక్సస్‌లో. పోయిన నెలే ఇద్దరికీ గ్రీన్‌కార్డులు వచ్చాయి. ఈమధ్య మా వీధిలో రెండిళ్లలో దొంగలు పడ్డారు, రెండూ మనవాళ్లవే, పోయింది బంగారమే. నాకేమో నెలలో పదిరోజులు క్యాంపు పని. ఇంట్లో ఒక పిస్టల్ ఉంటే బాగుంటుందని అనుకుంటున్నాం. నా అనుభవమంతా ఎన్‌సీసీ క్యాంపులో పేల్చిన ఐదు .22 రౌండ్లే (బాగా చిన్న సైజు తూటాలు). ఆఫీసులో ఒకాయన పెద్ద తూటా పేల్చే .45 కొంటే తిరుగులేదంటాడు. షాపులో అడిగితే మా ఆవిడకని అరచేతిలో ఇమిడిపోయే బుల్లిది ఒకటి చూపించాడు. పిల్లలకు ఆరేళ్లు, పదకొండేళ్లు. ఏది కొనాలో కాస్త చెప్పండి.

హ్యూస్టన్ నుంచి:
తమ్ముడూ, ముందు ఆ 500 మొత్తం తుపాకీ మీద పెట్టకు. అందులో ఒక వంద తుపాకీ దాచి తాళం వేసే లాక్‌బాక్సుకి పోతుంది, ఇంకో వంద తూటాలకీ, సాధన చేసే షూటింగ్ రేంజ్ ఫీజుకీ పోతుంది. అవి తీసి పక్కన పెట్టాకే మిగిలినదాంతో తుపాకీ చూసుకో.

తూటా సైజు విషయానికొస్తే, కళ్లు మూసుకుని 9 ఎంఎం తీసుకో. తూటాలు చవగ్గా, ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. .45 తూటా దానికన్నా బాగా ఖరీదు. ఖరీదైతే సాధన మానేస్తాం, మన సంగతి మనకి తెలీదా. సాధన లేకపోతే .45 అయినా ఒకటే, రోకలిబండ అయినా ఒకటే.

ఇక మోడళ్లు. గ్లాక్ 19 అందరూ చెప్పేదే, 15 రౌండ్లు పడతాయి, దుమ్ముకీ చెమటకీ లొంగదు. కొత్తదైతే నీ బడ్జెట్ దాటుతుంది. పోలీసు శాఖలు కొత్తవి కొన్నప్పుడు పాతవాటిని షాపులకి ఇచ్చేస్తుంటాయి. పైపైన గీతలుంటాయి గానీ లోపల పెద్దగా అరగవు, అలాంటిది దొరికితే వదలకు. మూడొందల ప్రాంతంలో రూగర్ సెక్యూరిటీ-9, టారస్ జీ3సీ దొరుకుతాయి. టారస్‌కి ఒకప్పుడు చెడ్డపేరుండేది, ఇప్పుడు చాలా నయం. అయినా ఏ తుపాకీ అయినా రెండొందల రౌండ్లు ఎక్కడా మొరాయించకుండా పేలితేనే నేను నమ్ముతాను, దాని మీద ఎవరి పేరున్నా సరే.

గ్లాక్‌కి బొటనవేలితో వేసే సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది, అంతే. పర్సులోనో దిండు కిందో పెడతానంటే మాత్రం అసలు కొననే కొనకు.

కేటీ నుంచి:
అన్నయ్యగారు బాగా చెప్పారు, ఒక్కటి మాత్రం నేను కలుపుతాను. ఆడవాళ్లకని షాపులో చిన్నదే చూపిస్తారు. నేనూ అలాగే మోసపోయాను. తేలికపాటి ఐదు రౌండ్ల రివాల్వర్ అంటగట్టారు. బరువు లేని తుపాకీకి దెబ్బంతా చేతికే. రేంజ్‌లో పది పేల్చేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎర్రగా కందిపోయింది, పదకొండోదానికి ముందే కళ్లు మూసుకుంటున్నాను. కళ్లు మూసుకుంటే ఇంకేం గురి? ఆర్నెల్లకి సగం ధరకి అమ్మేశాను.

చేతికి ఇబ్బందంతా స్లయిడ్ (పిస్టల్ మీద వెనక్కి జరిగే పైభాగం) లాగడం దగ్గరే. బలంతో లాగకూడదు. పిస్టల్‌ని ఛాతీ దగ్గరికి తెచ్చుకుని, పై చేత్తో స్లయిడ్‌ని గట్టిగా పట్టుకుని, కింద చేత్తో పిస్టల్‌నే ముందుకి తొయ్యాలి. గొట్టం ఎప్పుడూ గురి వైపే ఉండాలి. అప్పటికీ రాకపోతే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ చూడమనండి. చేతుల్లో బలం తక్కువున్నవాళ్ల కోసమే చేసింది, 9 ఎంఎంలోనూ ఉంది. రౌండ్లు ఎనిమిదే పడతాయి, ఫర్వాలేదు.

కొనేముందు రేంజ్‌కి వెళ్లి అద్దెకి మూడు రకాలు పేల్చండి, ఇద్దరూ. అక్కడ మెడ దగ్గర మూసుకుని ఉండే చొక్కా వేసుకెళ్లండి. పేలిన తూటా నుంచి ఎగిరిన, నిప్పులా కాలే ఖాళీ తొడుగు ఒకటి నా కాలర్‌లో పడింది. గంతులేస్తూ చేతిలో పిస్టల్‌తో అటు తిరగబోయాను, పక్కనున్న ట్రైనర్ నా మణికట్టు పట్టి ఆపాడు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది.

ఫ్రిస్కో:
థాంక్స్ అక్కా. షాపులో కాగితాలేం అడుగుతారు?

హ్యూస్టన్:
గ్రీన్‌కార్డు, ఇప్పటి అడ్రసున్న డ్రైవింగ్ లైసెన్సు. లైసెన్సున్న డీలరు దగ్గర పిస్టల్ కొనాలంటే 21 నిండాలి. ఫారం 4473 నింపాలి, దాన్ని పట్టుకుని నేపథ్యం తనిఖీ చేస్తారు. చాలావరకు నిమిషాల్లో తేలుతుంది, ఒక్కోసారి మూడు పనిదినాలు ఆగమంటారు. మన ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకోదాంట్లో వెనక ఉంటుంది కదా, గుర్తింపు కార్డులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయి. ఫారంలో అబద్ధం రాస్తే అదే పెద్ద నేరం.

ఇర్వింగ్ నుంచి:
మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాది ఇంకా హెచ్1బీ. సిటిజన్ ఫ్రెండ్ ఉన్నాడు, వాడి పేరు మీద కొనిపించుకోవచ్చా?

హ్యూస్టన్:
బాబూ, ఆ ఆలోచన ఇక్కడితో ఆపెయ్. ఒకరి కోసం ఇంకొకరు కొనడం ఫెడరల్ నేరం. 2022 చట్టం తర్వాత దానికి పదిహేనేళ్ల దాకా శిక్ష ఉంది. నీ ఫ్రెండూ మునుగుతాడు, నువ్వూ మునుగుతావు. హెచ్1బీ లాంటి వీసాల మీదున్నవాళ్లు కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నిషేధమే. వేట లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది గానీ, ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడకుండా దాన్ని పట్టుకుని ముందుకెళ్లకు. తుపాకీ కేసులో శిక్ష పడితే గ్రీన్‌కార్డున్నవాళ్లనే దేశం నుంచి పంపించెయ్యొచ్చు, ఇక వీసా మీదున్న నీ సంగతి చెప్పాలా. నీకు అలారం, కెమెరా, బంగారానికి బ్యాంకు లాకరు. నిజానికి ఫ్రిస్కో తమ్ముడు కూడా ముందు చెయ్యాల్సింది లాకరే.

కేటీ:
పిల్లల మాట ఎవరూ ఎత్తలేదేం? టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి లోడు చేసిన తుపాకీ అందేలా వదిలేస్తే కేసు పెద్దవాళ్ల మీదే. డబ్బాతో పాటు ఇచ్చే కేబుల్ తాళంతో సరిపెట్టుకోవద్దు. చీకట్లో వేళ్లతో తడిమి నొక్కితే తెరుచుకునే లాక్‌బాక్సు కొని, మంచానికో గోడకో బోల్టు వెయ్యండి. పదకొండేళ్లవాడికి మీ ఫోన్ పాస్‌వర్డ్ తెలుసు కదా, ఆ అంకెలు ఇక్కడ వాడకండి. ఇంకోటి, మన ఇళ్ల గోడలు కర్రా షీట్‌రాకే. తప్పిన తూటా పక్కగదిలోకి పోతుంది. మీ గుమ్మం నుంచి చూస్తే పిల్లల గది ఏ వైపుందో పగలే చూసి పెట్టుకోండి.

ఫ్రిస్కో, రెండు వారాల తర్వాత:
రేంజ్‌కి వెళ్లొచ్చాం. అద్దెకి గ్లాక్ 19, టారస్, షీల్డ్ ఈజీ పేల్చాం. నాకు గ్లాకే నచ్చింది. మా ఆవిడ టార్గెట్ కాగితం ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద అంటించింది, ఈజీతో ఏడు గజాల దూరంలో ఎనిమిదికి ఎనిమిదీ సాసరంత గుండ్రంలో పడ్డాయి. నావి కాగితం నాలుగు మూలలకీ పోయాయి. అందుకే ఈజీనే కొన్నాం. లాక్‌బాక్సుతో కలిపి బడ్జెట్ కాస్త దాటింది. బంగారం లాకర్లో పెట్టేశాం.

హ్యూస్టన్:
శుభం. ఒక్క మాట మర్చిపోయాను. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగు వేరే పెట్టుకో, దాన్ని ఇండియా ప్రయాణానికి వాడొద్దు. అడుగున పడిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కి దొరికినా ఆయుధాల చట్టం కింద కేసే. సంక్రాంతికి వెళ్తున్నావేమో, జేబులన్నీ ఒకసారి తిరగేసి దులిపి చూసుకో.