పంటికి వేసిన క్యాప్ ఎన్నేళ్లు వస్తుంది?

ప్రొద్దుటూరు_అబ్బాయి:
అమ్మకు కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ అయ్యింది, వచ్చే వారం క్యాప్ వేస్తారంట. జిర్కోనియా (పంటి రంగులో ఉండే గట్టి సిరామిక్) అయితే 15 ఏళ్ల వారంటీ అని కార్డు చూపించారు, మెటల్ సిరామిక్ (లోపల లోహం, పైన సిరామిక్ పొర) అయితే రేటు చాలా తక్కువ. మా వీధిలో ఒకాయనకు నాలుగేళ్లకే ఊడిపోయింది, అందుకే టెన్షన్. ఏది వేయించాలి, ఎట్లా చూసుకోవాలి? అమ్మకు అన్నం తిన్నాక ఆకు వక్క అలవాటు కూడా ఉంది.

కర్నూలు_పళ్లడాక్టర్:
మామూలుగా 10 నుంచి 15 ఏళ్లు వస్తుంది, బాగా చూసుకుంటే ఇంకా ఎక్కువే. వారంటీ చూసి ధీమా పడొద్దు. అది సాధారణంగా క్యాప్ పగిలితేనే వర్తిస్తుంది, కింద పన్ను పుచ్చితే కాదు. క్యాప్ పుచ్చదు కానీ దాని అంచు చిగురును తాకే చోట పాచి చేరి లోపలి పన్ను పుచ్చుతుంది, రూట్ కెనాల్ చేసిన పంటిలో నరం ఉండదు కాబట్టి జివ్వుమనడం కూడా ఉండదు, చాలామందికి క్యాప్ ఊడి చేతిలోకి వచ్చాకే తెలుస్తుంది. అందుకే నొప్పి లేకపోయినా ఆరు నెలలకో ఏడాదికో చూపించండి, అనుమానం ఉంటే ఎక్స్‌రే తీస్తారు. రోజూ రెండు పూటలా ఫ్లోరైడ్ పేస్టు, మెత్తటి బ్రష్‌తో ఆ అంచు దగ్గర నిదానంగా తోమాలి, సందుల్లో ఫ్లాస్ (పళ్ల మధ్య శుభ్రం చేసే సన్నటి దారం) వాడాలి. గరుకు పళ్లపొడి వద్దు, గట్టిగా రుద్దితే చిగురు తగ్గి అంచు బయటపడుతుంది.
వెనక పన్నుకు రెండు రకాలూ పనికొస్తాయి. మెటల్ సిరామిక్‌లో పైపొర పెచ్చు లేచే అవకాశం ఉంది, అంతే తేడా.

అనంత_సీమ:
వక్క మాత్రం మాన్పించు తమ్ముడూ. క్యాప్ సంగతి పక్కన పెట్టినా నోటి క్యాన్సర్ తెచ్చేది అది. వేయించిన బుడ్డలు (వేరుశనగలు) తినొచ్చు, చిక్కీ, ఎముకలు మాత్రం ఆ పక్క కొరకొద్దు. నిద్రలో పళ్లు నూరే అలవాటుంటే డాక్టర్‌కు ముందే చెప్పండి, మా నాన్నకు రాత్రిపూట పెట్టుకునే గార్డ్ చేసిచ్చినారు.

కడప_అక్క:
ఊడితే పారేయొద్దు, ఫెవిక్విక్‌తో అసలు అంటించొద్దు. కడిగి డబ్బాలో పెట్టుకుని రెండు మూడు రోజుల్లోనే వెళ్లండి, ఆలస్యమైతే పక్క పళ్లు జరిగి అదే క్యాప్ మళ్లీ పట్టకపోవచ్చు. ఇంకో డాక్టర్ మాట కూడా వినాలనుకుంటే కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది కదా, అక్కడ చూపించండి.

ప్రొద్దుటూరు_అబ్బాయి:
చాలా థ్యాంక్స్. వేసే రోజు ఏమన్నా గమనించాలా సార్?

కర్నూలు_పళ్లడాక్టర్:
పళ్లు కరిచి చూడమనండి. ఆ పన్నే ముందు తగులుతున్నట్టు ఉంటే కుర్చీలోంచి లేవకముందే చెప్పాలి, అప్పుడే అరగదీసి సరిచేస్తారు.