ఉత్పల్ దత్ నాటకాలు ఎక్కడ దొరుకుతాయి?

హిందీ సినిమా 'గోల్‌మాల్'లో మీసంలేని మగవాణ్ణి నమ్మని భవానీశంకర్‌గానే బెంగాలీ నటుడు, నాటకకర్త ఉత్పల్ దత్ మనలో చాలామందికి తెలుసు. 'భువన్ షోమ్' సినిమాలో నటనకి ఆయనకి జాతీయ అవార్డు కూడా వచ్చింది. కానీ నాకు కావాల్సింది ఆయన రంగస్థలం. కలకత్తా మినర్వా థియేటర్‌లో 1959లో ఆడిన ఆయన నాటకం 'అంగార్' చివర్లో బొగ్గుగనిలోకి నీళ్లు ముంచుకొస్తాయి. కార్మికులు లోపలే ఉండిపోతారు. చుక్క నీరు లేకుండా, లైటింగ్ చేసిన తాపస్ సేన్ కేవలం లైట్లతో ఆ వరదని చూపించారట! బ్రిటిష్ పాలనపై 1946లో జరిగిన నావికుల తిరుగుబాటు మీద 'కల్లోల్' నాటకం వేసిన 1965లోనే ఆయన్ని జైల్లో పెట్టారు. ఎంత ధైర్యమో కదా.

ఈ రెండు నాటకాలకీ తెలుగు అనువాదాలు ఉన్నాయా? కనీసం ఇంగ్లీషులో? నాకు బెంగాలీ చదవడం రాదు. ఆయన దర్శకత్వం చేసిన 'మేఘ్', 'ఝడ్' సినిమాలు సబ్‌టైటిల్స్‌తో ఎక్కడైనా ఉన్నాయా? కోల్‌కతాలో ఉండే తెలుగువాళ్లెవరైనా దయచేసి చెప్పండి. పాత కాపీ అయినా కొంటాను.